రంగిరోవా అటోల్‌లో పడవ యాత్రలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తాహితీ వరకు వెళ్తున్నవారు, ముఖ్యంగా అమెరికా పశ్చిమ తీరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, రంగిరోవా పడవ యాత్రల గురించి అడిగే సందేహాలు దాదాపు ఒకటే కావడంతో సమాధానాలన్నింటినీ ఇక్కడ ఒకచోట చేర్చడమైనది. ప్రయాణంలోని దశలను బట్టి ప్రశ్నలను విడదీసినందున మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## ప్రయాణం నిశ్చయించుకునే ముందు

రంగిరోవా ఎక్కడ ఉంది? అది ఒక దీవా, దీవుల గుంపా?

రంగిరోవా దక్షిణ పసిఫిక్‌లోని టువామోటు దీవుల్లో ఒకటి. తాహితీకి ఈశాన్యంగా సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, తాహితీలోని పపేటే నగరం నుంచి విమానంలో గంట ప్రయాణం. ఒకప్పటి అగ్నిపర్వతం నెమ్మదిగా సముద్రంలోకి కుంగిపోగా, దాని అంచున పెరిగిన పగడపు దిబ్బ మాత్రం వలయంలా మిగిలింది, ఇటువంటి వలయాన్నే అటోల్ అంటారు. ఆ వలయం మీద నాలుగు వందలకు పైగా చిన్న చిన్న దిబ్బదీవులు ఉన్నాయి, వాటినే అక్కడివారు మోటులు అంటారు. మధ్యలో ఉన్న ఉప్పునీటి మడుగు, అంటే లగూన్, సుమారు 80 కిలోమీటర్ల పొడవు, అత్యధికంగా 32 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. వానాకాలంలో నిండిన చిలికా సరస్సు కంటే కూడా పెద్దది కనుక ఒక గట్టున నిలబడితే ఎదుటి గట్టు కనిపించదు. అటోల్ అంతటికీ కలిపి జనాభా మూడు వేల లోపే, వారిలో ఎక్కువమంది అవతోరు, టిపుటా అనే రెండు గ్రామాల్లో నివసిస్తారు.

బోరా బోరా చూసేశాం. మళ్ళీ ఇంత దూరం వెళ్ళడం దండగ కాదా?

రెండూ ఒకే రకం ప్రదేశాలు కావు. బోరా బోరా మధ్యలో ఇంకా పర్వతం నిలిచి ఉంది, రంగిరోవాలో ఆ పర్వతం లేదు, కొబ్బరి చెట్టే ఎత్తయిన వస్తువు. ఇక్కడ చూడవలసినదంతా నీటి మీద, నీటి కింద, నీటి అవతలి ఒడ్డున ఉంటుంది. పడవ ఎక్కే ఉద్దేశం లేనివారు, హోటల్ గదిలోంచి అందమైన దృశ్యం కనిపిస్తే చాలనుకునేవారు రంగిరోవాకు వెళ్ళనవసరం లేదని నిర్మొహమాటంగా చెప్పవచ్చు. రోజంతా ఎండలో, ఉప్పునీటి తుంపరలో గడపడానికి సిద్ధపడేవారికి మాత్రం బోరా బోరాలో దొరకని ఏకాంతం ఇక్కడ దొరుకుతుంది.

మా దగ్గర షెంగెన్ వీసా ఉంది, అది సరిపోదా?

రంగిరోవా, తాహితీ ఉన్న ఫ్రెంచ్ పాలినీసియా ఫ్రాన్స్‌కు చెందిన భూభాగమే అయినా, ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల షెంగెన్ ప్రాంతంలో లేదు కాబట్టి, పారిస్ వెళ్ళడానికి ఇచ్చిన వీసా ఇక్కడ కూడా చెల్లుతుందని అనుకోకూడదు. అమెరికాలో నివసించే భారతీయ పాస్‌పోర్టుదారులు కూడా తమ నివాస పత్రం ఒక్కటే చాలని ఊహించుకోకుండా, ఫ్రాన్స్ ప్రభుత్వ అధికారిక వీసా వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు, నివాస దేశం, గమ్యస్థానం మూడూ ఇచ్చి, వచ్చిన సమాధానాన్ని బట్టే టికెట్లు కొనడం మంచిది. భారతదేశం నుంచి బయలుదేరి లాస్ ఏంజెలెస్ లేదా శాన్ ఫ్రాన్సిస్కో మీదుగా వెళ్ళేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: అమెరికాలో విమానం మారడానికి మాత్రమే దిగినా అమెరికా వీసా తప్పదు.

ఏ నెలలో వెళ్తే సముద్రం నెమ్మదిగా ఉంటుంది?

మే నుంచి అక్టోబరు వరకు వానలు తక్కువ, వాతావరణం కాస్త చల్లగా ఉంటుంది, అందుకే అందరూ ఈ నెలలనే సిఫారసు చేస్తారు. అయితే సముద్రం సంగతి వేరు. జూన్ నుంచి ఆగస్టు వరకు ఆగ్నేయం నుంచి మరాము అనే బలమైన గాలి రోజుల తరబడి వీచే అవకాశం ఉంది, అది మొదలైతే ఇంత వెడల్పాటి లగూన్‌లో గట్టి అలలు లేస్తాయి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఉక్కపోత, జోరువానలు ఉన్నా, వాన లేని రోజుల్లో నీరు అద్దంలా ఉంటుంది. తుఫానులు ఇక్కడ అరుదే, అయినా 1982–83 ఎల్ నినో కాలంలో వరుసగా వచ్చిన తుఫానులు టువామోటు గ్రామాలను బాగా దెబ్బతీశాయి. పడవ యాత్రలే ముఖ్యమనుకునేవారికి ఏప్రిల్ చివర, మే, అక్టోబరు మేలైన కాలమని నా అభిప్రాయం.

ఎన్ని రోజులు ఉండాలి? ఒక రాత్రి సరిపోదా?

సరిపోదు. పూర్తి రోజు యాత్రలు ఉదయం ఎనిమిది, ఎనిమిదిన్నర ప్రాంతంలో బయలుదేరి సాయంత్రం నాలుగు దాటాక తిరిగివస్తాయి కనుక, వచ్చిన రోజూ వెళ్ళే రోజూ లెక్కలోకి రావు. పైగా ఏ రోజు ఏ వైపుకు పడవ వెళ్ళగలదో నిర్ణయించేది గాలి. మూడు రాత్రులు ఉంటే రెండు పూర్తి రోజులు దొరుకుతాయి, నాలుగు రాత్రులు ఉంటే గాలి కోసం ఒక రోజు వదులుకున్నా బాధ ఉండదు. అన్నిటికంటే ఎక్కువ చూడాలనుకున్న చోటును మొదటి పూర్తి రోజుకే పెట్టుకోండి. దాన్ని చివరి రోజుకు దాచుకున్నవారే ఎక్కువగా నిరాశపడతారు.

అణుపరీక్షలు జరిగింది టువామోటు దీవుల్లోనే కదా, నీళ్ళలో దిగవచ్చా?

1966 నుంచి 1996 వరకు ఫ్రాన్స్ 193 అణుపరీక్షలు జరిపింది ఇవే టువామోటు దీవుల్లోని మొరురోవా, ఫంగటౌఫా అనే రెండు అటోల్‌ల మీద. అవి రంగిరోవాకు ఆగ్నేయంగా వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, నేటికీ సైన్యం అధీనంలో, సందర్శకులకు ప్రవేశం లేకుండా ఉన్నాయి. గాలిలో జరిపిన పరీక్షల ధూళి ఆ రోజుల్లో జనావాస దీవులకూ చేరింది, బాధితుల పరిహారం కోసం ఫ్రాన్స్ 2010లో చట్టం చేసింది. స్థానికులకు అది ముగిసిపోయిన విషయం కాదు. నాలుగు రోజులు ఈత కొట్టడానికి వచ్చే సందర్శకుడు మాత్రం రంగిరోవా లగూన్‌లో దిగడానికి భయపడనవసరం లేదు.

## ఏ యాత్ర ఎంచుకోవాలి

బ్లూ లగూన్, గులాబీ ఇసుక, రీఫ్ దీవి: ఒక్కటే వీలైతే దేనికి వెళ్ళాలి?

పిల్లలు, పెద్దవారు ఉన్న కుటుంబమైతే బ్లూ లగూన్. ఇది అవతోరుకు నైరుతి దిక్కున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, పెద్ద లగూన్ అంచున మోటుల మధ్య ఏర్పడిన చిన్న లగూన్. నీరు చాలాచోట్ల మోకాలి లోతే కాబట్టి పెద్ద పడవ దూరంగానే లంగరు వేస్తుంది, అక్కడి నుంచి సామాను తల మీద పెట్టుకుని నీటిలో నడిచి ఒడ్డుకు చేరాలి. ఆ పది నిమిషాల నడకలో కాళ్ళ పక్కనుంచే మూరెడు పొడవున్న సొరచేప పిల్లలు, వాటి రెక్కల చివరి నల్లమచ్చ నీటిపైకి తేలుతూ, దారి తప్పించుకుని వెళ్ళిపోతుంటాయి. చాలామందికి యాత్ర అంతటిలో గుర్తుండిపోయేది ఇదే.

ఇసుక తీరాలు ఇప్పటికే చాలా చూసినవారికి, భూమి పుట్టుపూర్వోత్తరాల మీద ఆసక్తి ఉన్నవారికి దక్షిణపు అంచున ఉన్న రీఫ్ దీవి మేలు. నన్ను అడిగితే మూడింటిలో ఇదే మొదటిది, కానీ ఎండ నుంచి తప్పించుకునే నీడ తక్కువ, నడక కఠినం. గులాబీ ఇసుక ఆగ్నేయపు కొసన ఉంది, మూడింటిలో అదే ఎక్కువ దూరం. వెళ్ళడానికే గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. మొదటిసారి వచ్చి ఒక్క రోజే చేతిలో ఉన్నవారు దాన్ని ఎంచుకోకపోవడమే మంచిది.

గులాబీ ఇసుక నిజంగా గులాబీ రంగులోనే ఉంటుందా?

ఫొటోల్లో చూసినంత గాఢంగా ఉండదు. తెల్లటి పగడపు ఇసుకలో, ఎర్రటి గుల్ల కలిగిన ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల అవశేషాలు, ఎర్ర పగడాల పొడి కలవడం వల్ల లేత గులాబీ ఛాయ వస్తుంది. పొడి ఇసుక దాదాపు తెల్లగానే కనిపిస్తుంది. అల వచ్చి వెనక్కి వెళ్ళిన చోట, తడి ఆరకముందు, ఏటవాలు వెలుతురులో ఆ రంగు స్పష్టంగా తెలుస్తుంది. మబ్బు పట్టిన రోజున దాని కోసం నాలుగు గంటలు పడవలో కూర్చోవడం వృథా.

రీఫ్ దీవిలోని ఆ నల్లటి రాళ్ళు ఏమిటి? లావానా?

కాదు, అవి పాత పగడాలు. అక్కడివారు వాటిని ఫెయో అంటారు. ఒకప్పుడు నీటిలో ఉన్న పగడపు దిబ్బ పైకి లేచి, గాలికి వానకు అరిగిపోయి, నాచు పట్టి నల్లబడి, మొనదేలిన సున్నపురాతి దిమ్మెలుగా నిలబడింది. పగడపు దిబ్బ తనంత తాను సముద్రం పైకి ఎలా లేచిందన్నదే ఇందులో వింత. తాహితీ అగ్నిపర్వతం పుట్టినప్పుడు దాని బరువుకు కింద ఉన్న సముద్రపు అడుగు కుంగింది, ఆ కుంగుడుకు బదులుగా కొంత దూరంలో ఉన్న అడుగుభాగం ఉబ్బి, రంగిరోవా చుట్టుపక్కల అటోల్‌లు పైకి లేచాయి. దగ్గరలోని మకాటేయా దీవి అలాగే వంద మీటర్లకు పైగా లేచి, నిట్టనిలువు కొండచరియలతో నిలబడి ఉంది. ఫెయోల అంచులు కత్తుల్లా ఉంటాయి కనుక రబ్బరు చెప్పులతో వాటి మధ్య నడవకూడదు. వాటి నడుమ నిలిచిన నీటి గుంటల్లో కూర్చుంటే, అవతల మహాసముద్రం దిబ్బను కొడుతున్న చప్పుడు వినిపిస్తుంటుంది, నీరు మాత్రం కదలదు.

రోజంతా పడవలో ఉండలేం. సగం రోజు యాత్రలు లేవా?

ఉన్నాయి. లగూన్‌ను సముద్రంతో కలిపే టిపుటా గండికి లోపలివైపున్న నుహీ నుహీ మోటు పక్కన అక్వేరియం అని పిలిచే చోటు ఉంది, అక్కడికి పడవలో కొద్ది నిమిషాలే ప్రయాణం. లోతు తక్కువ, చేపలు విపరీతం, మొదటిసారి స్నార్కెల్, అంటే ముఖం నీటిలో ఉంచి ఊపిరి పీల్చే గొట్టం, పెట్టుకునేవారికి అనువైన చోటు. అవతోరు సమీపంలో ఒక మోటు మీద కొబ్బరి చెట్ల నడుమ ద్రాక్షతోట ఉంది, పగడపు నేలలో పెరిగే ఆ తీగలు ఏడాదికి రెండు పంటలిస్తాయి. అక్కడికీ పడవలోనే వెళ్ళాలి. గాలి బలంగా ఉండి దూర యాత్రలు రద్దయిన రోజున కూడా ఇటువంటి దగ్గరి యాత్రలు జరిగే అవకాశం ఉంటుంది.

డాల్ఫిన్లు గట్టు మీద నుంచే కనిపిస్తాయట, దానికి పడవ ఎందుకు?

నిజమే, అవసరం లేదు. లగూన్‌లోని నీరు టిపుటా గండి గుండా సముద్రంలోకి ఉరికేటప్పుడు, బయటి నుంచి వచ్చే అలలతో ఢీకొని నిలువు కెరటాలు లేస్తాయి. అక్కడ నివసించే బాటిల్‌నోస్ డాల్ఫిన్లు ఆ కెరటాల్లో ఎగిరి ఆడుకుంటాయి. ఒహోటు రేవు దగ్గరి గట్టు మీద నిలబడితే సాయంత్రం వేళ ఉచితంగా చూడవచ్చు. ఆటుపోట్ల సమయం రోజురోజుకూ మారుతుంది కాబట్టి, నీరు బయటికి వెళ్ళే వేళ ఎప్పుడో మీ బస యజమానిని అడిగి వెళ్ళండి. ఆ వేళ తప్పితే గండి ప్రశాంతంగా ఉంటుంది, డాల్ఫిన్లూ ఎగరవు.

## బుకింగ్, డబ్బు, భోజనం

ఇంటి దగ్గర నుంచే యాత్రలు బుక్ చేసుకోవాలా?

జూలై, ఆగస్టు నెలల్లో, క్రిస్మస్ సెలవుల్లో ముందే చేసుకోవాలి, ఎందుకంటే ఉన్న పడవలు కొన్నే. మిగతా కాలంలో తేదీని గట్టిగా బిగించుకోకుండా, మీరు ఉండబోయే పెన్షన్, అంటే ఇంటివారు నడిపే బస యజమానికి మెయిల్ రాసి, మీరు ఉండే రోజుల్లో గాలి అనుకూలించిన రోజున చోటు ఉంచమని అడగడం ఉత్తమం. కనీసం ఇంతమంది ఉంటేనే పడవ కదులుతుందన్న నియమం చాలామంది నిర్వాహకులకు ఉంటుంది. ముఖ్యంగా గులాబీ ఇసుక, రీఫ్ దీవి యాత్రలకు ఆ సంఖ్య కుదరక ఆగిపోవడం మామూలే, కాబట్టి ఆ రోజుకు ఇప్పటికే ఎంతమంది పేరు ఇచ్చారో కూడా అడగండి.

గాలి ఎక్కువని యాత్ర రద్దు చేస్తే డబ్బు తిరిగి ఇస్తారా?

నిర్వాహకుడే రద్దు చేస్తే డబ్బు వాపసు ఇవ్వడమో, మరో రోజుకు మార్చడమో సాధారణం. మీరు రద్దు చేసుకుంటే నియమాలు వేరుగా ఉంటాయి. ఈ రెండింటినీ డబ్బు కట్టేముందే లిఖితపూర్వకంగా తెలుసుకోండి. ఇంకొక సందర్భం తరచుగా గొడవలకు దారితీస్తుంది: బ్లూ లగూన్‌కని బయలుదేరిన పడవను గాలి చూసి సరంగు మరో చోటుకు మళ్ళిస్తే అది రద్దు కిందికి రాదు. ఆ నిర్ణయం ఆయనదే, దానితో వాదించడం వివేకం కాదు.

రూపాయలు, డాలర్లు, కార్డు: ఏది పనికొస్తుంది?

ఇక్కడ చెలామణీలో ఉన్నది పసిఫిక్ ఫ్రాంకు. యూరోతో దాని విలువ స్థిరంగా ముడిపడి ఉంది, ఒక యూరోకు సుమారు 119 ఫ్రాంకులు. రూపాయలను ఇక్కడ ఎవరూ మార్చరు. పెద్ద బసల్లో కార్డు చెల్లుతుంది, పడవ యజమానులందరి దగ్గరా మాత్రం కార్డు యంత్రం ఉండదు. అవతోరులో ఏటీఎం ఉన్నా దాని మీదే ఆధారపడకుండా, యాత్రలకు సరిపడా నగదును పపేటేలోనే తీసుకుని రావడం క్షేమం.

మేం శాకాహారులం. మధ్యాహ్నం ఏం తింటాం?

పూర్తి రోజు యాత్రల్లో భోజనం సాధారణంగా ధరలోనే కలిసి ఉంటుంది. మోటు మీద నిప్పు రాజేసి చేపలు, కోడి కాలుస్తారు, నిమ్మరసం, కొబ్బరిపాలలో కలిపిన పచ్చి చేప ముక్కలు పెడతారు. శాకాహారికి మిగిలేది అన్నం, పళ్ళు, నిప్పుల మీద కాల్చిన కొబ్బరి రొట్టె. ముందు రోజు సాయంత్రమే స్పష్టంగా, చేప కూడా తినమని విడిగా నొక్కి చెప్పండి, ఎందుకంటే మాంసం వద్దన్నవారికి చేప వడ్డించడం ఇక్కడ సహజం. ఒకే పట్టకారుతో అన్నీ తిప్పుతారు కాబట్టి పట్టింపు ఉన్నవారు సొంతంగా ఏదైనా తెచ్చుకోవాలి. తాజా పళ్ళు, కూరగాయలు, ఆకులు ఫ్రెంచ్ పాలినీసియాలోకి తీసుకురానివ్వరు. కరివేపాకు కట్టతో దిగి విమానాశ్రయంలో ఇబ్బంది పడకండి. మూత తీయని ప్యాకెట్లలోని పొడులను కూడా కస్టమ్స్ పత్రంలో రాయడమే మంచిది.

## పడవ ఎక్కే రోజు

ఏమేం వెంట తీసుకెళ్ళాలి?

పొడుగు చేతుల ఈత చొక్కా, గట్టి అడుగున్న నీటి బూట్లు, తాడుతో కట్టుకునే టోపీ, నీరు చొరబడని సంచి, తాగునీరు, పొడి తువ్వాలు. ఒంటికి రాసుకునే క్రీము కంటే చొక్కా నమ్మదగినది, పగడాలకూ హాని చేయదు. గాలి వీస్తున్నంతసేపు ఎండ మంట తెలియదు, సాయంత్రం వీపు ముట్టుకున్నప్పుడు తెలుస్తుంది. దోమలు, ఇసుకలో ఉండే నోనో అనే కంటికి కనిపించని కుట్టుడు పురుగు కొన్ని మోటుల మీద విసిగిస్తాయి కాబట్టి వాటి మందు కూడా అవసరం. 1616లో ఈ దీవి దగ్గరికి వచ్చిన షౌటెన్, లెమేర్ అనే డచ్ నావికులు ఈగల బాధ పడలేక దీనికి ఈగల దీవి అని పేరు పెట్టి వెళ్ళారు. స్నార్కెల్ సామగ్రి నిర్వాహకులు ఇస్తారు గానీ, పిల్లల ముఖానికి సరిపోయే మాస్కు మీరే తెచ్చుకోవాలి.

పడవ ఎలా ఉంటుంది? టాయిలెట్ ఉంటుందా?

ఎక్కువగా వెనక అవుట్‌బోర్డు ఇంజన్లు బిగించిన, పైన కప్పు ఉన్న వేగపు పడవలే. పది, పదిహేను మంది ఎదురెదురు బల్లల మీద కూర్చుంటారు. చాలా పడవల్లో టాయిలెట్ ఉండదు, దారిలో ఆగడమూ ఉండదు. కొన్ని మోటుల మీద నిర్వాహకులు చిన్న గుడిసె లాంటి ఏర్పాటు చేశారు, అన్నిచోట్లా లేదు. దీని గురించి బుకింగ్ సమయంలోనే మొహమాటం లేకుండా అడగండి.

వెళ్ళేటప్పుడు హాయిగా ఉంటుంది, వచ్చేటప్పుడు ఒళ్ళు హూనమవుతుందని ఎందుకంటారు?

ఇక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం గాలి తూర్పు, ఆగ్నేయ దిక్కుల నుంచి వీస్తుంది. బ్లూ లగూన్ నైరుతిన ఉంది కాబట్టి వెళ్ళేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, ప్రయాణం సులువుగా సాగిపోతుంది. మధ్యాహ్నానికి గాలి ఇంకా పుంజుకుంటే, తిరుగు ప్రయాణంలో పడవ ఆ గాలికి, అలలకు ఎదురుగా దూకుతూ గంట సేపు రావాలి. గులాబీ ఇసుక యాత్రలో ఇది తలకిందులు: వెళ్ళేటప్పుడే దెబ్బలన్నీ, వచ్చేటప్పుడు సుఖం. నడుము నొప్పి ఉన్నవారు, గర్భిణులు అలల రోజున దూర యాత్ర మానుకోవాలి. మిగతావారు పడవ వెనక భాగంలో కూర్చుంటే కుదుపు తక్కువ, ముందు భాగంలో కూర్చున్నవారికి ప్రతి అలా వెన్నుపూసకు తెలుస్తుంది. ఇక తుంపర నుంచి తప్పించుకునే చోటంటూ పడవలో లేదు.

నాకు పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుంది. ఏం చేయాలి?

లగూన్‌లో మహాసముద్రపు పొడవాటి ఊపు ఉండదు, చిన్న అలల కుదుపే ఉంటుంది, అందుకే సముద్రంలో వాంతులయ్యే చాలామంది ఇక్కడ తట్టుకోగలరు. మాత్ర వేసుకునేవారు వాంతి మొదలయ్యాక కాకుండా బయలుదేరడానికి అర గంట, గంట ముందే వేసుకోవాలి, దాన్ని మీ ఊరి డాక్టరును అడిగి తెచ్చుకోవాలి. ఖాళీ కడుపుతో ఎక్కవద్దు, ఫోను చూస్తూ తల వంచుకుని కూర్చోవద్దు. టిపుటా గండి బయటికి తీసుకెళ్ళే యాత్రల్లో మాత్రం అసలైన సముద్రపు ఊపు తగులుతుంది.

ఏడేళ్ళ పాపను, డెబ్బై దాటిన నాన్నగారిని తీసుకెళ్ళవచ్చా?

బ్లూ లగూన్‌కు, అక్వేరియంకు తీసుకెళ్ళవచ్చు. పాపకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉందో లేదో ముందు రోజే చూసుకోవాలి, పెద్దవారి జాకెట్ బిగించి కట్టడం పరిష్కారం కాదు. నాన్నగారి విషయంలో చూడవలసింది వయసు కాదు, మోకాళ్ళు: పడవ పక్కనున్న నిచ్చెన దిగి, ఎత్తుపల్లాల అడుగు మీద నీటిలో నడవగలరా అన్నదే. నడవలేని వారికోసం కొన్ని పడవలు చిన్న తెప్ప లాంటిది వెంట తెస్తాయి. రీఫ్ దీవికి మాత్రం ఇద్దరినీ వద్దనే చెబుతాను.

## నీటిలో దిగాక

ఈత రాకుండా వెళ్తే ఏమైనా ఉపయోగం ఉందా?

ఉంది. మోకాలి లోతు, నడుము లోతు నీరు మైళ్ళ కొద్దీ ఉన్న చోటు ఇది. లైఫ్ జాకెట్ వేసుకుని, మాస్కు పెట్టుకుని, నిలబడి ముఖం మాత్రం నీటిలో ముంచినా చేపలు, పగడాలు కనిపిస్తాయి. మోటుల మధ్య హోవా అనే లోతులేని కాలువలు ఉంటాయి, వాటిలో సముద్రం నుంచి లగూన్‌లోకి నీరు ప్రవహిస్తుంటుంది. అలల రోజున నడుము లోతులోనే కాళ్ళు నిలవనంత వడి ఉంటుంది కాబట్టి, ఈత రానివారు హోవాలోకి ఒంటరిగా వెళ్ళకూడదు.

అన్ని సొరచేపలు చుట్టూ తిరుగుతుంటే కరవవా?

లోతులేని నీటిలో కనిపించేవి ఎక్కువగా నల్లరెక్క సొరచేపలు, మనిషి పొడవు కూడా ఉండవు, వాటంతట అవి మీదికి రావు. పసుపుఛాయ గల నిమ్మ సొరచేపలు వాటికంటే చాలా పెద్దవి, వాటిని చూసినప్పుడు కదలకుండా నిలబడి దారి ఇవ్వాలి. కాటు ప్రమాదాలకు కారణం దాదాపు ఎప్పుడూ ఆహారమే. చేపలు శుభ్రం చేస్తున్న చోట, ఎముకలు విసిరిన చోట, పడవ వెనక నీటిలో కాళ్ళు చేతులు ఆడించకండి. ఫ్రెంచ్ పాలినీసియాలో 2006లో సొరచేపల వేటను నిషేధించారు, అప్పుడు వదిలేసిన మాకో జాతిని కూడా 2012లో చేర్చడంతో ఇప్పుడు అన్ని జాతులకూ రక్షణ ఉంది. ఫొటో కోసం తోక పట్టుకోవడం మొరటుతనమే కాదు, అపాయం కూడా.

గండి దగ్గర మేమే దిగి స్నార్కెలింగ్ చేయవచ్చా?

చేయకూడదు. ఇంత పెద్ద లగూన్‌లోని నీటికి సముద్రంతో రాకపోకలన్నీ ప్రధానంగా అవతోరు, టిపుటా అనే రెండు గండ్ల గుండానే కాబట్టి ప్రవాహం ఎంతటి ఈతగాడినైనా లాక్కుపోతుంది. పోటు వేళ నీరు లోపలికి వస్తుంది, ఆ సమయంలో గైడు మిమ్మల్ని గండి మొగలో దింపితే ప్రవాహమే లగూన్‌లోకి మోసుకొస్తుంది, పడవ వెంటే వస్తుంది. అదే గండి స్నార్కెలింగ్. ఆటు వేళ నీరు బయటికి వెళ్తుంది, అప్పుడు దిగినవారు మహాసముద్రంలోకి పోతారు. దక్షిణం నుంచి పెద్ద అలలు వచ్చి దిబ్బ మీదుగా లగూన్‌లోకి నీరు పొంగినప్పుడు, పట్టికలో పోటు అని రాసి ఉన్నా నీరు బయటికే ప్రవహిస్తూ ఉండవచ్చు. పట్టిక చదవగలిగిన ధైర్యంతో దిగవద్దనడానికి ఇదే కారణం.

పగడం గీసుకుంటే ఏం చేయాలి?

చిన్న గీత అని వదిలేయకూడదు. పగడపు ముక్కలు చర్మంలో ఉండిపోయి రోజుల తరబడి చీము పడతాయి. శుభ్రమైన నీటితో బాగా రుద్ది కడిగి, క్రిమిసంహారక మందు రాసి, పొడిగా ఉంచాలి. ఇసుకలో రాయిలా కదలకుండా పడి ఉండే రాతిచేప ముల్లు గుచ్చుకుంటే నొప్పి భరించలేనంతగా ఉంటుంది. ఆ కాలును ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ముంచి, వెంటనే వైద్యానికి తీసుకెళ్ళాలి. నీటిలో అడుగు ఎత్తి వేయకుండా జరుపుతూ నడిస్తే తోకలో ముల్లున్న స్టింగ్‌రే చేపలు తప్పుకుంటాయి, రాతిచేప మాత్రం తప్పుకోదు కనుక బూట్లే రక్ష.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకుని తెచ్చుకోవచ్చా?

పగడాలు, పెద్ద ఆల్చిప్పలు అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందం పరిధిలోకి వస్తాయి. అనుమతి పత్రం లేకుండా పెట్టెలో ఉంటే ఏ విమానాశ్రయంలోనైనా పట్టుకుంటారు, ఒడ్డున పడి ఉన్నదే తెచ్చామన్న మాట చెల్లదు. జ్ఞాపకంగా ఏదైనా కావాలంటే లగూన్‌లోనే పండించే నల్లముత్యం కొనుక్కోండి, రసీదు భద్రపరచుకోండి.

## తిరిగి ఒడ్డుకు వచ్చాక

ఉదయం స్కూబా డైవింగ్ చేసి సాయంత్రం విమానం ఎక్కవచ్చా?

ఎక్కకూడదు. డైవింగ్ తరువాత కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు విమానానికి దూరంగా ఉండాలి. స్నార్కెలింగ్‌కు ఈ నియమం వర్తించదు. కాబట్టి డైవింగ్ మొదటి రోజుల్లో, పడవ యాత్ర చివరి పూర్తి రోజున పెట్టుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ క్రమంలో వెళ్ళేవారు గాలి అనుకూలించకపోతే పడవ యాత్ర వదులుకోవలసి రావచ్చని ముందే ఒప్పుకుని వెళ్ళాలి.

అక్కడ జబ్బు చేస్తే ఆసుపత్రి ఉందా?

అవతోరులో ప్రాథమిక వైద్యకేంద్రం ఉంది. అంతకు మించిన ఏ వైద్యానికైనా, డైవింగ్ వల్ల వచ్చే జబ్బుకు వాడే పీడన గదికైనా, తాహితీలోని పెద్దాసుపత్రికి విమానంలో వెళ్ళాలి. అత్యవసర విమాన తరలింపు ఖర్చును భరించే ప్రయాణ బీమా లేకుండా ఇక్కడికి రాకూడదు, ఆ పాలసీలో ఫ్రెంచ్ పాలినీసియా పేరు ఉందో లేదో, స్నార్కెలింగ్, డైవింగ్ మినహాయింపుల్లో పెట్టారో లేదో చూసుకోవాలి. రోజూ వేసుకునే మందులు ప్రయాణం కంటే ఒక వారం ఎక్కువగా తెచ్చుకోండి. హైదరాబాదులోని మీ డాక్టరుకు ఫోను చేయవలసి వస్తే కాలభేదం పదిహేనున్నర గంటలు: అక్కడ మధ్యాహ్నం పన్నెండు అయితే రంగిరోవాలో ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర.